కోచ్‌ను మార్చినంత మాత్రాన జట్టు మారదు: ఫుట్‌బాల్ అభిమానుల అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టి పదహారేళ్ళు దాటింది. ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో ఉదయం ఐదున్నరకే మా శిక్షణ మొదలవుతుంది. ముందురోజు రాత్రి ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ ఓడిపోయి ఉంటే, ఆ సంగతి నాకు వార్తల కంటే ముందు మా పిల్లల ముఖాల్లో కనబడుతుంది. నిద్రలేని కళ్ళతో వచ్చి, బూట్ల తాళ్ళు కట్టుకుంటూనే అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "ఈ కోచ్‌ను ఎప్పుడు తీసేస్తారు సార్?" ఇన్నేళ్ళలో కోచ్‌ల పేర్లు ఎన్ని మారినా ఆ ప్రశ్న మారలేదు.

వాళ్ళ బాధను నేను తక్కువ చేయను. అర్ధరాత్రి దాటాక మొదలయ్యే ఆట కోసం మేలుకొని, ఇంట్లో వాళ్ళు లేస్తారేమోనని టీవీ గొంతు తగ్గించుకొని చూసి, చివరికి తమ జట్టు ప్రయత్నం కూడా చేయకుండా ఓడిపోతే కలిగే దిగులు నిజమైనదే. అయితే ఆ దిగులులోంచి పుట్టిన ఒక తప్పు నమ్మకం మన ఊరి మైదానాల దాకా వచ్చి, మన పిల్లల ఆటను పాడుచేయడం నేను దగ్గరగా చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: కోచ్‌ను తీసేస్తే జట్టు బాగుపడుతుంది.

వాస్తవం: ఆట రోజున ఎవరిని దించాలి, ఎలా ఆడించాలి అనేవి కోచ్ చేతిలో ఉంటాయి. ఆయన చేతికి ఏ పాతికమంది వస్తారన్నది మాత్రం చాలావరకు ఆయనకంటే ముందు, ఆయనకంటే పైన ఉన్నవాళ్ళు నిర్ణయించి ఉంటారు. ఆటగాడి కాంట్రాక్టు నాలుగైదేళ్ళు ఉంటుంది, కోచ్ మాత్రం రెండేళ్ళు నిలబడడమే గగనం. ఒక కోచ్ తన పద్ధతికి తగ్గట్టు ఏరుకున్న ఆటగాళ్ళు, ఆయన వెళ్ళిపోయాక, వేరే పద్ధతి నమ్మే ఇంకొకరి నెత్తిన పడతారు. ఆయన మళ్ళీ తనకు కావలసిన నలుగురిని తెస్తాడు, ఆయనా పోతాడు. ఇలా మూడు నాలుగు సార్లు జరిగాక మిగిలేది జట్టు కాదు, నలుగురు మేస్త్రీలు నాలుగు ప్లానులతో కట్టి వదిలేసిన ఇల్లు.

మాంచెస్టర్ యునైటెడ్ చరిత్రే దీనికి సాక్ష్యం. 2013లో లీగ్ గెలిచి కోచ్ ఫెర్గూసన్ తప్పుకున్నాక మోయెస్, వాన్ గాల్, మౌరీన్యో, సోల్‌షేర్, తాత్కాలికంగా రాంగ్‌నిక్, తర్వాత టెన్ హాగ్, ఆ పైన అమోరిమ్ వచ్చారు. వీరిలో ఏ ఇద్దరి ఆలోచనా ఒకటి కాదు. ఆటగాళ్ళ ఎంపికను ఏళ్ళ తరబడి ఒకే దృష్టితో చూసుకునే ఫుట్‌బాల్ డైరెక్టర్ అనే పదవిని ఆ క్లబ్ మొదటిసారి భర్తీ చేసింది 2021లో. 2024 వేసవిలో యాజమాన్యం టెన్ హాగ్ కాంట్రాక్టును పొడిగించి, అక్టోబర్ నెలాఖరులో ఆయన్నే తీసేసింది. అదే ఏడాది జూలైలో అలాంటి పదవికే, స్పోర్టింగ్ డైరెక్టర్‌గా వచ్చిన డాన్ ఆష్‌వర్త్ డిసెంబర్‌లో వెళ్ళిపోయాడు. ఈ రెండు నిష్క్రమణల ఖర్చు సుమారు 1.45 కోట్ల పౌండ్లని క్లబ్ లెక్కల్లోనే ఉంది. జూలైలో మంచిదనుకున్న నిర్ణయం అక్టోబర్‌కల్లా తప్పయిందంటే, ఆ తప్పు కోచ్‌ది మాత్రమే ఎలా అవుతుంది?

ఆ మార్పు ఆటగాళ్ళ మీద ఎలా పడిందో కూడా చూడాలి. టెన్ హాగ్ జట్టు వెనుక నలుగురు డిఫెండర్లతో, రెండు అంచుల్లో దాడి చేసే వింగర్లతో ఆడేది. ఆంటొనీని 2022లో భారీ మొత్తం పోసి తెచ్చింది అలాంటి వింగర్ స్థానం కోసమే. అమోరిమ్ నమ్మింది 3-4-2-1, అంటే వెనుక ముగ్గురు డిఫెండర్లు, వాళ్ళ ముందు నలుగురు, ఆ ముందు ఇద్దరు, అందరికన్నా ముందు ఒక్కడు. అందులో అంచు పొడవునా పరుగెత్తేది వింగ్‌బ్యాక్. అతడు దాడికి ఎంత పనికిరావాలో గోల్ కాపాడడానికీ అంతే పనికిరావాలి. కేవలం వింగర్‌గా పెరిగిన ఆటగాడికి ఆ కూర్పులో సహజమైన చోటు ఉండదు. 2025 ఆరంభంలో ఆంటొనీ రియల్ బెటిస్‌కు, రాష్‌ఫర్డ్ ఆస్టన్ విల్లాకు లోన్ మీద, అంటే కొంతకాలం అరువుగా, వెళ్ళారు. ఆ సీజన్ ముగిసేసరికి జట్టు 42 పాయింట్లతో 15వ స్థానంలో నిలిచింది, యూరోపా లీగ్ ఫైనల్లోనూ టోటెన్‌హామ్ చేతిలో 1-0తో ఓడింది. సీజన్ మధ్యలో కోచ్ మారాడు కానీ జట్టు మారలేదు.

ఇక్కడ మా పిల్లలు వెంటనే, కోచ్ మారాక బాగుపడిన చెన్నై జట్టు చెన్నయిన్ ఎఫ్‌సీ పేరు ఎత్తుతారు. ఆ మాటలో న్యాయం ఉంది కాబట్టి దాటవేయను. 2017-18లో మన దేశపు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన ఆ జట్టు మరుసటి సీజన్లో 18 ఆటల్లో 9 పాయింట్లతో అట్టడుగుకు పడిపోయింది. 2019-20 కూడా చెడుగానే మొదలై, కోచ్ జాన్ గ్రెగరీ మధ్యలో తప్పుకుంటే ఓవెన్ కోయిల్ వచ్చి అదే జట్టును ఫైనల్‌కు తీసుకుపోయాడు. 2020 ఫిబ్రవరి 29న గోవాతో జరిగిన సెమీఫైనల్ తొలి ఆటకు నేను పెద్ద పిల్లలు ఆరుగురిని తీసుకొని చెన్నై వెళ్ళాను. 4-1తో గెలిచారు. తిరుగు బస్సులో నగరి దాటేదాకా ఒక్కడూ నిద్రపోలేదు. "చూశారా సార్, కోచ్ మారితే అంతా మారింది" అని ఆ రాత్రంతా నాతో వాదించారు. నేను అప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాను: కోయిల్ వచ్చేనాటికే వాల్స్కిస్, క్రివెల్లారో, షెంబ్రీ అనే విదేశీ ఆటగాళ్ళు ఆ జట్టులో ఉన్నారు. వాళ్ళను తెచ్చుకున్నది అంతకుముందు వేసవిలో. అనిరుధ్ థాపా, ఛాంగ్‌తే వంటి చురుకైన కుర్రాళ్ళు పక్కన ఉన్నారు. వాల్స్కిస్ ఆ సీజన్లో 15 గోల్స్ కొట్టాడు. కూర్పు సరిగ్గా ఉండి నడిపించే పద్ధతి కుదరనప్పుడు కోచ్ మార్పు పనిచేస్తుంది. కూర్పే చెడినప్పుడు పనిచేయదు. ఈ రెండింటి తేడా గుర్తించడమే యాజమాన్యం చేయవలసిన మొదటి పని, చాలా క్లబ్బులు చేయనిదీ అదే.

ఈ నమ్మకం మన దగ్గర చేసిన నష్టం చెబుతాను. మన జిల్లాలోని ఒక పట్టణంలో దాతల సాయంతో నడిచే ఒక కుర్రాళ్ళ జట్టు ఉండేది. దాని కమిటీ పెద్దలు టీవీలో చూసే క్లబ్బుల మాదిరే, ఓడిన ప్రతి టోర్నమెంట్ తర్వాత కోచ్‌ను మార్చారు. నాలుగేళ్ళలో ముగ్గురు కోచ్‌లు వచ్చారు, మూడోవాణ్ణి నేనే. నేను వెళ్ళేసరికి ఎడమ కాలితో అద్భుతంగా ఆడే పదిహేనేళ్ళ పిల్లవాడొకడు డిఫెన్స్‌లో నిలబడి ఉన్నాడు. మొదటి కోచ్ అతణ్ణి వింగర్‌గా తీర్చిదిద్దాడు. రెండో కోచ్ పద్ధతిలో వింగర్లే లేరు కనుక వెనక్కి జరిపాడు. బంతి కాలికి తగిలినప్పుడల్లా ముందుకు పోవాలా, వెనక్కి ఇవ్వాలా అని ఆ పిల్లవాడు ఒక క్షణం ఆగేవాడు. ఫుట్‌బాల్‌లో ఆ ఒక్క క్షణం చాలు బంతి పోవడానికి. బంతి పోయిన ప్రతిసారీ గట్టు మీది నుంచి తిట్లు పడేవి. అతణ్ణి మళ్ళీ పాత చోటికి తేవడానికి నాకు రెండు సీజన్లు కావాలని కమిటీని అడిగాను. ఒక సీజన్ కూడా ఇవ్వలేదు. నన్ను తీసేసినందుకు నాకు కోపం లేదు కానీ, ఆ తర్వాత ఆర్నెల్లకు అతడి తండ్రి బజారులో ఎదురై, "మావాడు ఆట మానేశాడు సామీ, కాలికి బంతి తగిలితేనే భయపడతాడు" అన్న మాట మాత్రం ఇవాళ్టికీ నన్ను వదలలేదు.

కమిటీల్లో ఉన్న పెద్దలకు నా విన్నపం ఒక్కటే. కోచ్‌ను వెతికే ముందు మన జట్టు ఏ పద్ధతిలో ఆడాలన్నది మీరు కూర్చొని నిర్ణయించండి, ఆ పద్ధతి తెలిసినవాణ్ణే పిలవండి. అతణ్ణి మార్చవలసి వస్తే అదే పద్ధతి తెలిసిన ఇంకొకరిని తెచ్చుకోండి. దీనికి డబ్బు అక్కర్లేదు.

అపోహ: పేరున్న ఆటగాళ్ళను కొనాలి, ఆడనివాళ్ళను అమ్మేయాలి. చేయకపోతే యజమానులు పిసినారులు.

వాస్తవం: కొనడం కష్టం కాదు, వదిలించుకోవడం కష్టం. ఒక ఆటగాణ్ణి వంద కోట్లకు ఐదేళ్ళ కాంట్రాక్టుతో కొన్నారనుకోండి. క్లబ్ లెక్కల పుస్తకంలో ఆ మొత్తాన్ని ఏడాదికి 20 కోట్ల చొప్పున పంచి రాస్తారు. రెండేళ్ళు గడిచాక అతడి విలువ పుస్తకంలో ఇంకా 60 కోట్లు ఉంటుంది. అప్పుడు 40 కోట్లకు అమ్మితే చేతికి డబ్బు వచ్చినా లెక్కల్లో 20 కోట్ల నష్టమే కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని ప్రీమియర్ లీగ్‌లో 2025-26 సీజన్ దాకా ఉన్న నిబంధనల ప్రకారం మూడేళ్ళలో నష్టం గరిష్ఠంగా 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదని ఉండేది. అది దాటినందుకే ఎవర్టన్ క్లబ్‌కు 2023 నవంబర్‌లో 10 పాయింట్లు కోత పడింది, అప్పీలు మీద అది 6కు తగ్గింది. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాణ్ణి అమ్మితే మాత్రం, కొన్న ఖర్చు లేదు కనుక, వచ్చినదంతా లాభమే. మీకు ఇష్టమైన కుర్రాణ్ణి అమ్మి, మీకు నచ్చని ఖరీదైన ఆటగాణ్ణి ఎందుకు అట్టిపెట్టుకున్నారో ఇప్పుడు అర్థమవుతుంది.

దీనికి తోడు జీతాల సంగతి ఉంది. పెద్ద జీతానికి సంతకం చేసినవాణ్ణి అంత జీతం ఇంకొకరు ఇస్తే తప్ప కదిలించలేరు. 2018 జనవరిలో యునైటెడ్‌కు వచ్చిన అలెక్సిస్ సాంచెజ్‌ను మరుసటి ఏడాది ఇంటర్ మిలాన్‌కు లోన్ మీద పంపినప్పుడు, అతడి జీతంలో కొంత యునైటెడే భరించింది. 2020లో ట్రాన్స్‌ఫర్ ఫీజు లేకుండానే వదిలేసింది. యజమానులు డబ్బు పెట్టలేదన్నది ఇక్కడ సరైన ఫిర్యాదు కాదు. పెట్టిన డబ్బుకు వెనుక ఒక ఆలోచన లేదన్నదే సరైన ఫిర్యాదు.

అపోహ: ఫలానా ఆటగాడు వస్తున్నాడట, అంతా ఖాయమైపోయిందట.

వాస్తవం: వైద్య పరీక్ష పూర్తయి, సంతకాలై, క్లబ్ స్వయంగా ప్రకటించేదాకా ఏదీ ఖాయం కాదు. చాలా పుకార్లను జీతం పెంచుకోవాలనుకునే ఆటగాళ్ళ ఏజెంట్లే వదులుతారు. వాటి కోసం పరీక్షల ముందు రాత్రులు పాడుచేసుకునే పిల్లలను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. దీనిమీద ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

అపోహ: హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాళ్ళు కష్టకాలంలో జట్టును వదిలేసి పోయిన ద్రోహులు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు చాలా బాధ కలుగుతుంది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి, మన తెలుగు నేల పేరుతో ఉన్న జట్టు ఐఎస్ఎల్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మరుసటి ఏడాది లీగ్ పట్టికలో రెండో స్థానం. ఆ మరుసటి ఏడాది ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. ఆటగాళ్ళకు, సిబ్బందికి బకాయిలు పేరుకుపోయాయి. కొత్తవారిని నమోదు చేసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా నిషేధం విధించింది. విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ, వారి తర్వాత మనవాళ్ళలోనూ చాలామంది వెళ్ళిపోయారు. నెలల తరబడి జీతం అందని మనిషికి ఇల్లు గడవాలి. మిగిలిన కుర్రాళ్ళు పెద్ద జట్ల ముందు ప్రతి వారం ఓడిపోతూ కూడా మైదానంలోకి దిగారు, వాళ్ళను తిట్టడం ఇంకా అన్యాయం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

ఆ వార్త వచ్చిన వారం, పసుపు రంగు హైదరాబాద్ జెర్సీ తప్ప ఇంకోటి వేసుకోని డిగ్రీ కుర్రాడొకడు శిక్షణ అయిపోయాక కూడా గోల్‌పోస్టు దగ్గరే కూర్చున్నాడు. "ఇప్పుడు ఏ జట్టును మనదనుకోవాలి సార్?" అన్నాడు. హైదరాబాద్‌లోనే శ్రీనిధి డెక్కన్ అనే జట్టు ఉందని, ఐఎస్ఎల్ కింది స్థాయి లీగ్ అయిన ఐ-లీగ్‌లో 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచిందని, వాళ్ళ మైదానం కూడా అక్కడే ఉందని చెప్పాను. ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మరునాడు ఉదయం వచ్చి, హైదరాబాద్ కాచిగూడకు వెంకటాద్రి రైలు ఎన్ని గంటలకు బయలుదేరుతుందని అడిగాడు.