క్లబ్ గోల్ఫ్ ప్రో పని: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో గోల్ఫ్ నేర్పుతానంటే చాలామంది ముందు అడిగేది "టీవీలో ఎప్పుడైనా వచ్చారా?" అని. ఆ వెంటనే "మరి ఆడటం ఎందుకు మానేశారు?" అంటారు. మానలేదండీ. ఆడటం ఒక విద్య, నేర్పడం ఇంకో విద్య. క్లబ్ ప్రో, అంటే క్లబ్బులో పనిచేసే ప్రొఫెషనల్, ఆ రెండూ చేస్తూ బతుకుతాడు. ఈ తేడా తెలియకపోతే మాకంటే నేర్చుకునేవాళ్లకే ఎక్కువ నష్టం. అందుకే బంతులు కొట్టి సాధన చేసే డ్రైవింగ్ రేంజ్‌లో తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టోర్నమెంట్లలో నిలవలేనివాళ్లే కోచింగ్‌లోకి వస్తారు.

అలా వచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ మొదటినుంచీ దారులు వేరు. మన దేశంలో టోర్నమెంట్ల మీద బతకాలంటే 2006లో మొదలైన ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియాలో చోటు సంపాదించడం ముఖ్యమైన దారి. దానికి క్వాలిఫయింగ్ స్కూల్ అనే ఎంపిక పోటీ గట్టెక్కాలి. నేర్పడానికి ఇండియన్ గోల్ఫ్ యూనియన్ కింద ఉన్న నేషనల్ గోల్ఫ్ అకాడమీ శిక్షణ, సర్టిఫికెట్ ఉంటాయి. రూల్స్ ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, డబ్బు తీసుకుని పాఠం చెప్పినవాడికి అమెచ్యూర్ హోదా ఉండదు. ఒక్క కప్పు గెలవకపోయినా అతను ప్రోనే.

అమెరికాలో జరిగే పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో 20 చోట్లు క్లబ్ ప్రోలకే కేటాయిస్తారు. 2023లో ఓక్ హిల్‌లో అలా ఆడిన మైకేల్ బ్లాక్ కాలిఫోర్నియాలోని ఓ కోర్సులో హెడ్ ప్రో, వయసు 46. ఆఖరి రోజు రోరీ మెకెల్రాయ్‌తో కలిసి ఆడుతూ 15వ హోల్‌ని ఒక్క షాట్‌తో ముగించాడు. చివరికి మరికొందరితో కలిసి 15వ స్థానంలో నిలిచాడు. ఆ రోజు నా తోటి కోచ్‌లంతా తమవాడే గెలిచినట్టు పొంగిపోయారు. అయితే క్లబ్ ప్రో ఒకరు మేజర్, అంటే ఏటా జరిగే అతి పెద్ద టోర్నమెంట్లలో ఒకటి, గెలవడం 1948తోనే ఆఖరు. ఆ ఏడాది మాస్టర్స్ గెలిచిన క్లాడ్ హార్మన్ తర్వాత మళ్లీ ఎవరికీ సాధ్యం కాలేదు. టూర్ ఆటగాడు పొద్దంతా తన స్వింగ్ చూసుకుంటాడు. మేము పొద్దంతా ఇతరుల స్వింగ్ చూస్తాం. మా ప్రాక్టీస్‌కి మిగిలేది చీకటి పడే ముందు కాసేపు, బంతిని మెల్లగా గుంటలోకి దొర్లించడం సాధన చేసే పుటింగ్ గ్రీన్ మీద.

అపోహ: బాగా ఆడేవాడే బాగా నేర్పుతాడు.

కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ ఆటగాడిగా పెద్దగా రాణించలేదు. ఆయన దగ్గరికెళ్లి స్వింగ్ మొత్తం విప్పి మళ్లీ కట్టుకున్న నిక్ ఫాల్డో 1987 నుంచి 1996 మధ్య ఆరు మేజర్లు గెలిచాడు. గొప్ప ఆటగాడు చాలాసార్లు తన ఒంటికి కుదిరినదే చెబుతాడు. నా ముందు నిలబడేదేమో ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని నడుము పట్టేసిన మనిషి. ఆయన ఒళ్లు ఎంత తిరుగుతుందో చూసి అందులోనే స్వింగ్ కుదర్చాలి.

అపోహ: తల దించి ఉంచితే బంతి టాప్ అవ్వదు (అంటే క్లబ్ బంతి నెత్తిన తగిలి అది నేల మీద దొర్లదు).

గోల్ఫ్‌లో ఇంతమంది ఆటను చెడగొట్టిన సలహా మరొకటి లేదని నా అభిప్రాయం. ఒక షాట్ నేల మీద దొర్లితే చాలు, పక్కన నిలబడ్డ స్నేహితులందరూ "తలెత్తావ్ రా" అంటారు. పాపం ఆయన తర్వాతి బంతికి గడ్డం ఛాతీకి ఆనించి బిగుసుకుపోతాడు. అప్పుడు భుజాలు తిరగవు, బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది, మోచేతులు ముడుచుకుంటాయి. క్లబ్, అంటే చేతిలోని కర్ర, బంతికి వెనకే కిందికి దిగి, పైకి లేస్తూ బంతి నెత్తిన తగులుతుంది. "సర్, తల దించే ఉంచాను కదా, మళ్లీ టాప్ అయింది!" అంటారు. దించి ఉంచడం వల్లే అయింది. అన్నికా సోరెన్‌స్టామ్, డేవిడ్ డువాల్ ఇద్దరికీ క్లబ్ బంతిని తాకేలోపే తల లక్ష్యం వైపు తిరిగిపోయేది. ఆమె మేజర్లు 10.

నేను చేయించేది ఇది. గడ్డి మీద సున్నంతో అడ్డంగా ఒక గీత గీస్తాం. బంతి ఉండదు. గీత రెండు పాదాల మధ్యకు వచ్చేలా నిలబడి మామూలుగా స్వింగ్ చేయాలి. గడ్డి ఎక్కడ తెగిందో వంగి చూడాలి. గీత దగ్గర మొదలై లక్ష్యం వైపు తెగితే సరే. గీతకు బెత్తెడు వెనక తెగితే బరువు ముందు కాలికి రాలేదన్నమాట. తల సంగతి ఎత్తకుండానే చాలామందికి గడ్డి గీత నుంచి ముందుకు తెగడం మొదలవుతుంది. ఇది రేంజ్‌లో పరిచే కృత్రిమ గడ్డి మ్యాట్ మీద తెలియదు. క్లబ్ ముందే నేలకు తగిలినా మ్యాట్ మీద జారి బంతిని తాకుతుంది, షాట్ బాగానే వచ్చినట్టు అనిపిస్తుంది. కోర్సులో అదే స్వింగ్‌కి మట్టి లేస్తుంది, బంతి నాలుగడుగులు వెళ్లి ఆగుతుంది.

అపోహ: బంతి గాల్లో కుడికి వంపు తిరిగి స్లైస్ అవుతుంటే ఎడమకు గురిపెట్టి కొడితే సరిపోతుంది.

కుడిచేతి వాటం వాళ్ల గురించే చెబుతున్నాను. స్వింగ్ ఎటు వెళితే బంతి అటు బయలుదేరుతుందని ఒకప్పుడు నేర్పేవారు. రాడార్ యంత్రాలు వచ్చాక తేలిందేమిటంటే, బంతి బయలుదేరే దిశలో పెద్ద వాటా క్లబ్ ముఖానిదే, అంటే బంతిని తాకే పలకదే. ముఖం ఒకవైపు, స్వింగ్ దారి ఇంకోవైపు ఉంటే బంతి గాల్లో వంపు తిరుగుతుంది. ఎడమకు నిలబడి ఎడమకు లాగినకొద్దీ ఆ రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది, స్లైస్ కూడా పెరుగుతుంది.

మన దగ్గర దీనికి ఇంకో కారణం క్రికెట్. స్ట్రెయిట్ డ్రైవ్ ఆడి పెరిగిన చేతులు బ్యాట్ ముఖాన్ని బౌలర్ వైపే పట్టుకుని తీసుకెళ్తాయి. గోల్ఫ్‌లో ముంజేతులు తిరగాలి. అందుకే గ్రిప్‌తో మొదలుపెడతాను. బంతి దగ్గర నిలబడి కిందికి చూసుకుంటే ఎడమ చేతి మెటికలు రెండు, రెండున్నర కనిపించాలి. స్లైస్ కొట్టేవాళ్లలో చాలామందికి ఒకటే కనిపిస్తుంది. తర్వాత అన్నిటికంటే పొడవైన క్లబ్ అయిన డ్రైవర్ ముఖం మీద పౌడర్ స్ప్రే కొట్టి బంతి ఎక్కడ తగిలిందో చూపిస్తాను. మచ్చ మడమ వైపు, అంటే ముఖంలో కర్రకు దగ్గరి అంచున, పడుతుంటే, స్వింగ్ ఎంత సరిచేసినా బంతి కుడికే తిరుగుతుంది. ముందు తగిలే చోటు చూసుకోవాలి.

అపోహ: కొత్త ఐరన్లు (ఇనుప తల క్లబ్బులు) కొంటే దూరం పెరుగుతుంది.

పెరుగుతుంది, ఎందుకంటే లాఫ్ట్, అంటే క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం, తగ్గించారు. ఒకప్పుడు 7-ఐరన్ 34, 35 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు 30 కంటే తక్కువవి దొరుకుతున్నాయి. ఆ డబ్బుతో ముందు పాఠాలు తీసుకోండి.

అపోహ: ప్రోలు పదడుగుల పుట్ (గ్రీన్ మీద గుంటలోకి దొర్లించే షాట్) మిస్ అవ్వరు.

అమెరికా టూర్ ఆటగాళ్లు ఎనిమిదడుగుల నుంచి వేసేవి దాదాపు సగమే. పదడుగులకు ఇంకా తగ్గుతాయి. మూడడుగులవి తప్పకుండా వేయడం సాధన చేయండి, స్కోరు అక్కడే తగ్గుతుంది.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల ఆట, ప్రోలూ అక్కడినుంచే వస్తారు.

సభ్యత్వాల ధరలు చూస్తే మొదటి సగం కాదనలేను. రెండో సగం మాత్రం తప్పు. ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్, 1991లో. ఢిల్లీలో కేడీగా, అంటే ఆటగాళ్ల క్లబ్బుల సంచి మోసేవాడిగా, పెరిగినవాడు. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి 1829లో పుట్టిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డిని చూసుకునే గ్రీన్‌కీపర్. ఆ గడ్డి మీదే ఆడుకున్న కొడుకు 2016, 2017ల్లో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఇక్కడ కూడా కొత్త సభ్యుడికి లైను, గాలి, గ్రీన్ వాలు మొదట చెప్పేది కేడీయే. సర్టిఫికెట్ లేకపోయినా అదీ పాఠమే. ఆ కుర్రాళ్లలో కొందరి చేతులు చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్లకు కావలసింది కోర్సు మీద ఆడే సమయం, బంతులు, తమ ఎత్తుకు సరిపోయే క్లబ్బులు. చాలా క్లబ్బుల్లో సోమవారం సభ్యులకు సెలవు. ఆ రోజు కేడీలను ఆడనివ్వమని మీ కమిటీని అడగండి. మీ పిల్లలు ఎదిగి వదిలేసిన జూనియర్ సెట్టు ఇంట్లో ఉంటే కేడీ మాస్టర్‌కి ఇచ్చి రండి. గ్రిప్పులు అరిగి ఉన్నా ఫరవాలేదు, అవి మేము మార్చుకుంటాం.