గోళ్ళ పని నేర్చుకోవాలనుకునే వారికి: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో నేను నెయిల్ టెక్నీషియన్‌గా, అంటే గోళ్ళకు రంగులు, డిజైన్లు వేసే పనిచేస్తూ, ఆసక్తి ఉన్నవారికి ఆ పని నేర్పుతున్నాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల నుంచి, సరిహద్దు దాటి ఇచ్ఛాపురం నుంచి కూడా అమ్మాయిలు వస్తుంటారు. చాలామంది మొదట ఫోనులో దాచుకున్న డిజైన్లు చూపించి, ఇవి ఎన్నాళ్ళలో వస్తాయని అడుగుతారు. డిజైన్ అన్నది ఈ పనిలో చివరి మెట్టు. దాని కింద గోరు, చర్మం, రసాయనాలు, పరిశుభ్రత అనే చదువు ఉంది. ఆ చదువు లేకుండా డిజైన్లు మాత్రమే నేర్పే చోట డబ్బు కట్టి వచ్చినవారికి మళ్ళీ మొదటి నుంచి నేర్పవలసి వస్తోంది కనుక, నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: ముగ్గులు, మెహందీ బాగా వేసే చేయి ఉంటే, వీడియోలు చూసి ఈ పని నేర్చుకోవచ్చు.

వాస్తవం: చేతి నిలకడ ఉపయోగపడుతుంది గాని, జెల్ (ప్రత్యేక దీపపు కాంతిలో గట్టిపడే గోళ్ళ రంగు) గోటిపై నిలిచేది రంగు వేయడానికి ముందు చేసే తయారీ వల్లనే. గోరు పలకపై కంటికి సరిగా కనిపించని పలుచని మృతచర్మం అతుక్కొని ఉంటుంది. దానిని తీయకుండా బేస్ కోట్ (రంగు కింద వేసే మొదటి పూత) వేస్తే కొద్ది రోజుల్లోనే అంచు లేస్తుంది. దీనినే మేము లిఫ్టింగ్ అంటాము. ఆ మృతచర్మానికీ, గోటి మొదట్లో కాపలాగా ఉండే సజీవమైన చర్మపు మడతకూ తేడా తెలియక రెండింటినీ కత్తిరిస్తే, సూక్ష్మక్రిములకు దారి తెరిచి, గోరుచుట్టు రావడానికి అవకాశం ఇచ్చినట్టే. ఈ తేడాను వీడియోలో చూసి గుర్తించడం కష్టం. ప్లాస్టిక్ ప్రాక్టీస్ హ్యాండ్‌పై కూడా తెలియదు, ఎందుకంటే దానికి చర్మం లేదు. నేర్పేవారి కంటి ముందు, నిజమైన చేతులపై, మళ్ళీ మళ్ళీ చేసినప్పుడే అది వేళ్ళకు తెలుస్తుంది.

జెల్ వేయడానికి ముందు చేతులను గోరువెచ్చని నీటిలో నానబెట్టడం కూడా మామూలు మానిక్యూర్ నుంచి వచ్చిన అలవాటే. గోరు నీటిని పీల్చుకొని కొంత వ్యాకోచిస్తుంది, ఆరాక తిరిగి ముడుచుకుంటుంది. పైనున్న జెల్ ఆ కదలికకు పట్టు వదులుతుంది. అందుకే జెల్ పనికి నీరు వాడని పొడి పద్ధతిలో తయారీ నేర్చుకోవాలి. సముద్రపు గాలికి ఎప్పుడూ తేమగా ఉండే మా ప్రాంతంలో, ముఖ్యంగా వానాకాలంలో, గోటి తేమను తొలగించే డీహైడ్రేటర్‌ను ఏమాత్రం అశ్రద్ధ చేయరాదు.

అపోహ: దీపం కింద పెడితే జెల్ ఆరిపోతుంది, కనుక ఏ దీపమైనా, ఏ జెల్ అయినా ఒకటే.

వాస్తవం: నేర్చుకునేవారు అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసినది ఇదేనని నా అభిప్రాయం. మామూలు నెయిల్ పాలిష్ ద్రావకం ఆవిరైపోయి ఆరుతుంది. జెల్ అలా ఆరదు. అందులోని యాక్రిలేట్ అణువులు నిర్దిష్టమైన కాంతి తగిలినప్పుడు గొలుసుల్లా కలిసి గట్టిపడతాయి. ఎక్కువ దీపాలు 365, 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతినిస్తాయి. జెల్‌లోని కాంతికి స్పందించే పదార్థానికీ, దీపపు కాంతికీ, దాని శక్తికీ పొందిక కుదరకపోతే పైపొర గట్టిగా కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. మందంగా వేసిన పొరలోనూ ఇదే జరుగుతుంది.

ఆ పచ్చి జెల్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు. ముఖ్యంగా జెల్‌లలో ఉండే హెచ్‌ఈఎమ్‌ఏ అనే యాక్రిలేట్ జాతి పదార్థం ఇందుకు పేరుపడింది. ఐరోపా యూనియన్ దీనిని గోళ్ళ ఉత్పత్తులలో వృత్తిదారుల వాడకానికి మాత్రమే పరిమితం చేసింది. ఒకసారి ఈ అలర్జీ వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. వేళ్ళ కొనలు పగలడం, దురద, గోరు కింది చర్మం నుంచి విడిపోవడం, చేతితో తాకినందువల్ల కనురెప్పలు వాయడం దీని లక్షణాలు. పళ్ళ వైద్యంలోనూ, ఎముకల శస్త్రచికిత్సలోనూ ఇదే కుటుంబానికి చెందిన పదార్థాలు వాడతారు కనుక, ఈ అలర్జీ ఉన్నవారు ఆ సంగతి ముందుగానే వైద్యులకు చెప్పాలి. కస్టమరు నెలకు ఒకసారి జెల్‌కు దగ్గరైతే, టెక్నీషియన్ రోజంతా దాని మధ్యనే ఉంటుంది. అందువల్ల బ్రష్‌ను వేలికి తుడవకూడదు, దీపం నుంచి తీశాక మిగిలే జిగురు పొరను ఉత్తచేతితో తాకకూడదు, జెల్ చర్మం మీదికి పాకితే దీపంలో పెట్టకముందే తుడిచివేయాలి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి. అయితే పలుచని గ్లవ్స్‌లోంచి ఈ పదార్థాలు కొద్ది నిమిషాల్లోనే చొచ్చుకుపోగలవు కనుక మరక పడిన వెంటనే మార్చాలి.

ఆన్‌లైన్‌లో చవకగా దొరికే, పదార్థాల పట్టిక లేని జెల్ సీసాలను దయచేసి కొనకండి. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం దిగుమతి చేసే సౌందర్య సాధనాలకు మన దేశంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సీసాపై ఆ నంబరు, దిగుమతిదారు చిరునామా ఉన్నాయో లేదో చూడడం మొదటి రోజే అలవాటు చేసుకోవాలి.

అపోహ: జెల్ వేస్తే గోళ్ళు పాడవుతాయి, మధ్యమధ్యలో వాటికి ఊపిరి ఆడనివ్వాలి.

వాస్తవం: గోరు పలకలో జీవకణాలు లేవు. గోరు పుట్టే మూలానికి ఆక్సిజన్, పోషణ రక్తం నుంచి అందుతాయి, గాలి నుంచి కాదు. గోళ్ళు పలచబడటం ఎక్కువగా జెల్‌ను తీసే పద్ధతి వల్ల జరుగుతుంది: అంచు పట్టి పీకడం, డ్రిల్ మెషీన్‌ను ఒకేచోట నొక్కిపట్టడం, ఫైల్‌తో అతిగా రాయడం. పీకినప్పుడు గోటి పైపొరలు కూడా జెల్‌తో పాటు వచ్చేస్తాయి. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక, గోటి మొదట్లో పడిన గాయం పూర్తిగా తొలగడానికి ఆరు నెలల వరకు పడుతుంది. కాలిబొటనవేలికి ఏడాది నుంచి ఏడాదిన్నర. కాబట్టి వేయడం నేర్పి తీయడం నేర్పని కోర్సు అసంపూర్ణమైనది. అయితే గోరు ఇప్పటికే పలచబడి, నొప్పిగా ఉంటే అది కోలుకునేదాకా జెల్ ఆపాలి.

అపోహ: పనిముట్లను స్పిరిట్‌తో తుడిస్తే చాలు.

వాస్తవం: చాలదు. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. లోహపు పనిముట్లను మొదట సబ్బుతో, బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో తగిన పీడనం కింద కనీసం 15 నిమిషాలు ఉంచాలి. నీలికాంతి వెలిగే పెట్టె శుభ్రంగా ఉన్న పనిముట్లను దాచడానికి పనికివస్తుంది గాని, వాటిని స్టెరిలైజ్ చేయదు. గోరు అరగదీసే కాగితపు ఫైళ్ళు, నునుపు చేసే బఫర్లు ఒకరికి వాడినవి మరొకరికి వాడరాదు. గోటిపై పచ్చటి మరక కనబడితే, లేచిన జెల్ కింద చేరిన తేమలో సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరిగి ఉండవచ్చు. దానిపై రంగు వేసి కప్పకూడదు. అనుమానం ఉన్న గోటికి పని చేయకుండా, చర్మవ్యాధుల వైద్యులకు చూపించుకోమని మర్యాదగా చెప్పి పంపడం కూడా నేర్చుకోవలసిన పనే. మధుమేహం ఉన్నవారి కాళ్ళ విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

అపోహ: మన వైపు చిన్న ఊళ్ళలో ఇలాంటివి ఎవరు చేయించుకుంటారు?

వాస్తవం: పెళ్ళిళ్ళ కాలంలోనూ, బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్ర రోజుల్లోనూ పని బాగానే ఉంటుంది. ఇక్కడి పెళ్ళికూతుళ్ళకు ఎలా పని చేయాలో నగరపు కోర్సులలో చెప్పరు. వేళ్ళకు గోరింటాకు టోపీలు పెట్టుకున్న గోటి ఎరుపు ఎసిటోన్‌తో (రంగు తీసే ద్రావకంతో) పోదు, పెరిగి పోవలసిందే. లేత రంగు జెల్ వేస్తే కింది నుంచి కనబడుతుంది. మెహందీకి రాసుకున్న నూనె మిగిలితే జెల్ పట్టు తగ్గుతుంది. నలుగు, మంగళస్నానాల పసుపు లేత రంగు జెల్‌పై మరకగా నిలుస్తుంది. కనుక తేదీ రాసుకునేటప్పుడే పసుపు వేడుక ఎప్పుడు, గోరింటాకు ఎప్పుడు అని ఆ తల్లినో అక్కనో అడిగి, జెల్‌ను ఆ రెండింటి తర్వాతకు పెట్టాలి. తెలుగు, ఒడియా రెండూ మాట్లాడగలిగితే ఈ సంభాషణ సులువవుతుంది.

అపోహ: సర్టిఫికెట్ చేతికొస్తే పని వచ్చినట్టే.

వాస్తవం: అమెరికాలో ఈ వృత్తికి లైసెన్సు ఉంటుంది, కాలిఫోర్నియాలో 400 గంటల శిక్షణ, న్యూయార్క్‌లో 250 గంటలు కావాలి. మన దేశంలో అటువంటి లైసెన్సు పరీక్ష లేదు, కనుక రెండు రోజుల వర్క్‌షాప్ కూడా అందమైన సర్టిఫికెట్ ఇవ్వగలదు. ఈ రంగంలో శిక్షణ ప్రమాణాలు రూపొందించే బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ప్రమాణాలను అనుసరించే కోర్సులు, ఐటీఐలలో ఏడాది కాస్మెటాలజీ (సౌందర్య సంరక్షణ) ట్రేడ్ ఉన్నాయి. వీలైతే వాటి గురించి ముందు విచారించండి. ప్రైవేటు సంస్థలో చేరదలచుకుంటే, ఎందరు నిజమైన మోడల్స్‌పై పని చేయిస్తారో, జెల్ తీయడం నేర్పుతారో లేదో, ఆటోక్లేవ్ ఉందో లేదో, గోరు రాసేటప్పుడు లేచే పొడిని పీల్చే యంత్రమూ గాలి వచ్చే కిటికీలూ ఉన్నాయో లేదో అడగండి. మాస్కు పొడిని ఆపుతుంది గాని రసాయనపు ఆవిర్లను ఆపదు. ఫీజు కట్టేముందు ఒక పూట అక్కడ కూర్చొని, ఒక కస్టమరుకు వాడిన పనిముట్లు ఆ తర్వాత ఎక్కడికి వెళ్తున్నాయో చూడనివ్వమని కోరండి. చూడనివ్వని చోట చేరవద్దు.