దూరప్రయాణపు బస్సులో ఏది ఓర్చుకోవాలి, ఏది ఓర్చుకోకూడదు: అపోహలు - వాస్తవాలు

వీపున సంచి వేసుకుని దేశాలు తిరగాలనుకునే వాళ్లను చిన్న బృందాలుగా తీసుకెళ్లడం నా వృత్తి. మేము విమానం ఎక్కేది తక్కువ, బస్సు ఎక్కేది ఎక్కువ. బయలుదేరే ముందు వీసా గురించి, డబ్బు మార్చుకోవడం గురించి అందరూ అడుగుతారు. బస్సు సంగతి మాత్రం ఎలాగోలా ఓర్చుకుంటే సరిపోతుందనుకుంటారు. పెరూలో లిమా నుంచి కుస్కోకి రోడ్డు మీద 20 గంటలు దాటుతుంది. ఇరుకు, కుదుపులు, దుమ్ము, రాత్రంతా మోగే పాటలు భరించక తప్పదు, భరించొచ్చు కూడా. ఒంట్లో కనిపించే కొన్ని మార్పులను మాత్రం భరించకూడదు. ఈ రెండింటినీ కలగలిపేసే అపోహలే నాకు ఎక్కువగా ఎదురవుతుంటాయి.

అపోహ: టికెట్ దొరికితే చాలు, ఏ సీటైనా ఒకటే.

వాస్తవం: ప్రయాణం ఎలా సాగుతుందో చాలావరకు సీటు దగ్గరే తేలిపోతుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఉన్న సీట్లలో కుదుపు తక్కువ. వెనక చక్రాలు దాటాక మాత్రం గుంత వచ్చినప్పుడల్లా ఎగిరిపడతారు. చివరి వరుసలో ఇంజిన్ వేడి కూడా ఉంటుంది, చాలా బస్సుల్లో ఆ సీట్లు వెనక్కి వాలవు. రెండంతస్తుల బస్సులో పైనుంచి దృశ్యాలు బాగా కనిపిస్తాయి కానీ మలుపుల్లో పై అంతస్తే ఎక్కువ ఊగుతుంది. బస్సు పడనివాళ్లు కిందే కూర్చోవాలి.

బస్సు మీద రాసిన పేరు చూసి మోసపోకండి. వీఐపీ అని రాసి ఉన్న బస్సులన్నీ ఒకలా ఉండవు. వరుసకు ఎన్ని సీట్లో అడగండి. అర్జెంటీనాలో సగం వరకు వాలే సీట్లున్న సెమీ కామా బస్సుకు వరుసకు నాలుగు సీట్లు, ఇంకా వెడల్పుగా ఉండి ఎక్కువగా వాలే సీట్లున్న కామాకు మూడు. రాత్రంతా ప్రయాణమైతే ఆ తేడాకు పెట్టే డబ్బు దండగ కాదు. వియత్నాం స్లీపర్ బస్సుల్లో పడకలు మూడు వరుసలుగా, రెండు అంతస్తులుగా ఉంటాయి. ముందు మనిషి తల కింద ఉండే పెట్టెలాంటి చోటులోకి కాళ్లు చాపాలి. పొడుగాటివాళ్లకు కాళ్లు పూర్తిగా చాపే వీలుండదు. వాళ్లకు పగటి బస్సులో మామూలు సీటే నయం.

అపోహ: బస్సు పడనివాళ్లు ఖాళీ కడుపుతో ఎక్కాలి.

వాస్తవం: ఖాళీ కడుపుతో ఎక్కితే వికారం తగ్గదు, నీరసం మాత్రం తోడవుతుంది. చెవి లోపలి భాగం ఒంటి కదలికను పసిగడుతుంటే, కళ్లేమో కదలని ఫోన్ తెరను చూస్తుంటాయి. ఈ పొంతన కుదరకపోవడమే వికారానికి మూలం. తేలిగ్గా తిని ఎక్కండి, ఘాట్ రోడ్డు మీద ఫోన్ పక్కన పెట్టి దూరంగా రోడ్డు వైపు చూడండి. మాత్ర వేసుకునేవాళ్లు కడుపులో తిప్పడం మొదలయ్యేదాకా ఆగకూడదు. మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్ లాంటివి బయలుదేరడానికి కనీసం అరగంట, వీలైతే గంట ముందు పడాలి. చెవి వెనక అంటించే స్కోపొలమైన్ పట్టీ అయితే కనీసం 4 గంటల ముందే అంటించాలి. గ్లాకోమా (కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దాని జోలికి పోవద్దు.

అపోహ: నీళ్లు తాగకపోతే టాయిలెట్ టెన్షన్ ఉండదు.

వాస్తవం: ఆడవాళ్లు ఈ మాట నమ్మి ఎంత బాధపడతారో దగ్గరగా చూస్తుంటాను కాబట్టి దీని గురించి గట్టిగానే చెబుతాను. పొద్దుట్నుంచి నీళ్లు ముట్టకుండా, వస్తున్నా ఆపుకుని కూర్చుంటే తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్ దాకా వెళ్లొచ్చు. ఎత్తైన ప్రాంతాల్లో పొడిగాలి వల్ల ఒంట్లో నీరు మరింత త్వరగా తగ్గుతుంది. ఒకేసారి సీసా ఖాళీ చేయకుండా గుక్కెడు గుక్కెడుగా తాగండి. ఎక్కే ముందు కాఫీ, బీరు వద్దు. బస్సు ఆగిన ప్రతిచోటా, అవసరం అనిపించకపోయినా, వెళ్లి రండి. పెరూ, బొలీవియా బస్సుల్లో టాయిలెట్ ఉన్నా చాలాసార్లు అది మూత్రానికే అని ముందే చెబుతారు. కొన్నిసార్లు దానికి తాళం కూడా వేసి ఉంటుంది. అందుకే టిష్యూ కాగితం, చిల్లర నాణేలు జేబులోనే ఉండాలి.

బస్సు ఆపమని అడగడానికి సిగ్గుపడొద్దు. ఎక్కగానే డ్రైవర్ సహాయకుడిని పలకరించి, ఎక్కడెక్కడ ఆగుతుందో కనుక్కుని పెట్టుకుంటే అవసరమైనప్పుడు అడగడం తేలికవుతుంది. విరేచనాలు పట్టుకుంటే టికెట్ డబ్బులు పోయినా ప్రయాణం వాయిదా వేసుకోండి. ఓఆర్ఎస్ తాగుతూ గదిలో ఒక రోజు పడుకోవడం ఆ బస్సు ఎక్కడం కంటే ఎన్నో రెట్లు మేలు.

అపోహ: కాళ్లలో రక్తం గడ్డకట్టడం విమానాల్లోనే జరుగుతుంది.

వాస్తవం: కదలకుండా కూర్చోవడం వల్ల వచ్చే సమస్య ఇది. బస్సు, రైలు, కారు ఏవీ మినహాయింపు కాదు. 4 గంటలు, అంతకు మించిన ప్రయాణంతో ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనం తేల్చింది. అలాగని భయపడక్కర్లేదు, అది సుమారు 6,000 మందిలో ఒకరికి ఎదురయ్యే ముప్పేనని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు, ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్లు మాత్రం బయలుదేరే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. మిగతావాళ్లు కూర్చున్నచోటే మడమలు, మునివేళ్లు మార్చి మార్చి ఎత్తుతూ పిక్కలకు పని చెప్పాలి, బస్సు ఆగినప్పుడు దిగి నడవాలి.

రెండు పాదాలూ కాస్త ఉబ్బితే కంగారు లేదు. ఒక్క పిక్కే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే డాక్టర్‌కు చూపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్రయాణం అయిపోయిన కొన్ని రోజుల తర్వాత కూడా ఈ లక్షణాలు బయటపడొచ్చు.

అపోహ: నిద్రమాత్ర వేసుకుంటే తెల్లారేసరికి ఊరు వచ్చేస్తుంది.

వాస్తవం: మాత్ర మత్తులో మనిషి గంటల తరబడి ఒకే భంగిమలో పడి ఉంటాడు. పై అపోహలో చెప్పిన ముప్పు పెరిగేది అలాగే. పక్కన సామాను పోయినా తెలియదు, అర్ధరాత్రి సరిహద్దు దగ్గర దించితే నిలబడలేరు. కళ్లకు గంతలు, చెవుల్లో దూది, ఒక దళసరి స్వెటర్ చాలు. ఏసీ బస్సుల్లో చలి ఎంత ఎక్కువంటే, ఉష్ణదేశమని పల్చటి బట్టలతో ఎక్కినవాళ్లు నిద్రపోయేది ఆ స్వెటర్ ఉంటేనే.

అపోహ: బస్సు మెల్లగా ఎక్కుతుంది కాబట్టి ఎత్తు ఇబ్బంది పెట్టదు.

వాస్తవం: ఒంటి లెక్క గంటల్లో ఉండదు, రోజుల్లో ఉంటుంది. లిమా సముద్రం ఒడ్డున ఉంది. అక్కడి నుంచి ఆండీస్ పర్వతాల మీదుగా వెళ్లే దారిలో టిక్లియో కనుమ 4,818 మీటర్ల ఎత్తున ఉంది. ఒక్క రాత్రిలో ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడదు. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దన్నది పర్వత వైద్యుల సలహా. బస్సు ఈ నియమాన్ని ఒక్క దెబ్బకు దాటేస్తుంది. అందుకే మధ్యలో ఏదో ఒక ఊళ్లో ఆగి ఒకటి రెండు రాత్రులు ఉండేలా టికెట్లు తీసుకోండి. అది కుదరకపోతే, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడడానికి సాయపడే అసెటజోలమైడ్ అనే మందు గురించి ముందే డాక్టర్‌ను అడగండి. తలనొప్పి, కొద్దిపాటి వికారం చాలామందికి వస్తాయి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, నడకలో తూలడం, పొంతన లేని మాటలు కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. ఆ మనిషిని వెంటనే కిందికి దించాలి.

అపోహ: రాత్రి బస్సు ఎక్కితే గది అద్దె మిగులుతుంది.

వాస్తవం: అద్దె మిగిలినా మర్నాడు పగలంతా నిద్రకే పోతుంది. అంతకంటే పెద్ద సంగతి రోడ్డు. ప్రపంచవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 11.9 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక చెబుతోంది. యూరోపియన్ యూనియన్‌లో డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విరామం తీసుకోవాలని చట్టం ఉంది. అలాంటి నియమాలు అన్నిచోట్లా అమలు కావు. రాత్రంతా నడిచే బస్సుకు ఇద్దరు డ్రైవర్లున్నారా అని టికెట్ కౌంటర్‌లోనే అడగండి. కొండదారులైతే పగటి బస్సే ఎక్కండి. బెల్టు ఉంటే పెట్టుకోండి. డ్రైవర్ తూగుతున్నట్టు కనిపిస్తే మొహమాటం లేకుండా ఆపించి, వెలుతురున్న చోట దిగిపోండి.

అపోహ: తల మీది అరలో పెట్టిన సంచి కళ్లముందే ఉంటుంది.

వాస్తవం: నిద్రపోయాక ఉండదు. పాస్‌పోర్టు, డబ్బు, మందులు ఒంటి మీదే ఉండాలి. డిక్కీలో వేసిన పెద్ద సంచికి రశీదు అడిగి తీసుకోండి.

అపోహ: దిగగానే కష్టం అయిపోయినట్టే.

వాస్తవం: గంటల తరబడి కుదుపుల్లో కూర్చున్న నడుము దిగిన వెంటనే బరువుకు సిద్ధంగా ఉండదు. పెద్ద సంచిని వంగి ఒక్క ఊపున భుజానికెత్తితే నడుము పట్టేయడం ఖాయం. ఐదు నిమిషాలు అటూ ఇటూ నడవండి. తర్వాత సంచిని బెంచీ మీదో గట్టు మీదో పెట్టి, దానికి వీపు ఆనించి పట్టీలు తగిలించుకుని లేవండి.