ఉత్స్‌యోకి బర్చ్ అడవి ఎందుకు తిరిగి రాలేదు?

ఫిన్లాండ్ ఉత్తరపు కొసన ఉన్న ఉత్స్‌యోకిలో 1965, 66 వేసవుల్లో గొంగళి పురుగులు వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా కొండ బర్చ్ అడవిని తినేశాయి. అందులో చాలా భాగం నేటికీ చెట్టు లేని బయలే. నేరం పురుగుదేనని చెప్పి ఊరుకుంటే అసలు కథ మరుగున పడిపోతుంది.

మన హిమాలయాల భూర్జవృక్షానికి దాయాది అయిన ఈ పొట్టి చెట్టే అక్కడ అడవికి, టండ్రాకు మధ్య హద్దు. శరదృతువులో చిమ్మటలు దాని కొమ్మలపై గుడ్లు పెడతాయి. వసంతంలో మొగ్గలు విచ్చే వేళకు ఆ గుడ్ల నుంచి గొంగళి పురుగులు బయటికి వస్తాయి. సుమారు పదేళ్లకోసారి వాటి సంతతి విపరీతంగా పెరగడం అక్కడ మామూలే. చలి మైనస్ 36 డిగ్రీల దాకా దిగితే గుడ్లు చనిపోతాయి. అందుకే చల్లగాలి పేరుకునే లోయల్లో చెట్లు బతికి, వాలుల్లో మోడులయ్యాయి.

మోడైన బర్చ్ మొదలు నుంచి పిలకలు వేస్తుంది. మరి ఇక్కడ అవి ఎందుకు నిలవలేదు? జవాబు కోసం 1852కి వెళ్లాలి. అక్కడి ఆదివాసులైన సామీ ప్రజలు రెయిన్‌డీర్ (మంచు దుప్పి) మందలతో చలికాలం లోనాడులో, వేసవి నార్వే తీరంలో గడిపేవారు. ఆ ఏడాది నార్వే, ఫిన్లాండ్ సరిహద్దును మందలకు మూసేశారు. ఫిన్లాండ్ వైపు మందలకు తీరపు దారి పోయింది, వేసవి మేత కూడా లోనాడులోనే వెతుక్కోవలసి వచ్చింది. చలికాలంలో లైకెన్లు (నేలను అంటి పెరిగే నాచులాంటివి) మేసే ఈ జంతువు వేసవిలో ఆకులను, లేత పిలకలను తింటుంది. చెట్లు ఒకసారి మోడయ్యాక ఈ మేతే వాటిని మళ్లీ లేవనీయలేదు. దీనికి కాపరులను తప్పుపట్టడం అన్యాయం. ఆ గీత గీసింది రాజ్యాలు.

చలికాలాలు మెత్తబడుతున్న కొద్దీ ముప్పు పెరుగుతోంది. 2000 తర్వాతి దశాబ్దంలో మరో జాతి, శీతకాలపు చిమ్మట, తూర్పుకు, లోనాడులకు పాకింది. రెండు జాతులూ కలిసి ఉత్తర స్కాండినేవియాలో దాదాపు 10,000 చదరపు కిలోమీటర్ల అడవిని దెబ్బతీశాయి. స్వీడన్‌లోని అబిస్కో చుట్టుపక్కల మాత్రం వెచ్చదనంతో బర్చ్ కొండ పైకి ఎగబాకుతోంది. కాబట్టి వేడి పెరిగితే అడవి పెరుగుతుందన్న లెక్క అన్నిచోట్లా చెల్లదు.

ఫిన్లాండ్‌లో ప్రతి రెయిన్‌డీర్ కాపరుల సహకార సంఘానికీ జంతువుల గరిష్ఠ సంఖ్యను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అయితే పిలకల భవిష్యత్తు మంద పరిమాణంతో పాటు వేసవిలో అది ఎక్కడ మేస్తోందన్న దానిపైనా ఆధారపడి ఉంది. పురుగు దాడి జరిగిన వాలులకు ఆ తర్వాతి కొన్ని వేసవులైనా మేత నుంచి విరామం దొరకాలి.