పాదూ పందిరీ

చిరంజీవులు చిట్టికీ బాబుకీ తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి నవ్వేసి ఊరుకున్నాను. అప్పటికప్పుడు జవాబు తోచలేదు, అదీ అసలు సంగతి. "బొమ్మలు వేసుకుంటూ బతకొచ్చా తాతయ్యా? అది కూడు పెడుతుందా అని అందరూ అడుగుతున్నారు" అన్నావు. వెనకనుంచి బాబు "పెట్టదు!" అని అరిచాడు కూడా. వాడికి పదేళ్లకే అన్నీ తెలిసిపోయాయి.

పెరట్లో పాదు పెడతాం కదా. మొలక వచ్చాక పక్కన గుంజలు పాతి పందిరి వేస్తాం. ఆ పందిరి పూయదు, కాయదు, చూడ్డానికీ ఏమంత బాగుండదు. అది లేకపోతే మాత్రం తీగ నేలమీద పాకి వానకి కుళ్లిపోతుంది. నీ బొమ్మలు తీగ అనుకో, సంపాదన పందిరి. జీవితమంతా పందిరే వేస్తూ కూర్చునేవాళ్లూ ఉన్నారు. ఇంకో గుంజ, ఇంకో వాసం, ఇంకాస్త ఎత్తు అంటూ ఉంటే విత్తనం వేసే అదను దాటిపోతుంది. ఇంకొందరు రెండాకుల మొలక మీద గంప పెట్టి మొయ్యమంటారు. అంటే మొదటి ఏడాదే ఇల్లు మొత్తం బొమ్మల మీద నడవాలనుకోవడం. పాపం, మొలక తప్పేముంది?

ఆ గంప నేనూ ఎత్తాను, బడిలో ఉన్నప్పుడే. నా దస్తూరీ గుండ్రంగా ఉండేది. తోటి పిల్లల పుస్తకాల అట్టల మీద పేర్లు రాసి, చుట్టూ పూలూ లతలూ వేసిచ్చేవాణ్ణి, ఊరికే. ఒకరోజు ఒకడు సంతోషపడి గోళీ ఇచ్చాడు. మర్నాటినుంచి రేటు పెట్టేశాను. పేరుకి ఒక గోళీ, ఇంటిపేరు కూడా కావాలంటే రెండు. వారం తిరిగేసరికి జేబు నిండింది. లతలకి ఎవరూ విడిగా ఇవ్వరు కాబట్టి అవి మానేశాను. పొడుగు పేర్లవాళ్లు కనిపిస్తే ఒళ్లు మండేది! కొన్నాళ్లకి గోళీల మోజు పోయింది, దాంతోపాటు రాతా పోయింది.

నా ఒక్కడి బుద్ధే ఇంతేమో అనుకునేవాణ్ణి. 1973లో అమెరికాలో ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు రాశారు. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి "వేస్తే బహుమతి" అని ముందే చెప్పారు. వారం రెండు వారాలయ్యాక చూస్తే, తక్కిన పిల్లలు బొమ్మల దగ్గర గడిపినదాంట్లో వీళ్లు గడిపింది సుమారు సగమే. ముందు చెప్పకుండా, వేశాక బహుమతి ఇచ్చిన పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు.

అలాగని డబ్బు తీసుకోవద్దని కాదు. "నీకిష్టమేగా, ఊరికే వేసిపెట్టు" అనేవాళ్లు నీకు చాలామంది తగులుతారు. వాళ్లకి మొహమాటపడకుండా రేటు చెప్పు. ఎవరికీ అమ్మని బొమ్మల పుస్తకం ఒకటి మాత్రం విడిగా ఉంచుకో. లతలు అందులో వేసుకో.

ఇష్టమే ఉద్యోగమైతే గొడవ ఉండదు కదా అంటావేమో. విలియం హెర్షెల్ సంగతి విను. ఇంగ్లండులోని బాత్ ఊళ్లో ఆయన చర్చిలో ఆర్గన్ వాయించేవాడు, కచేరీలు చేసేవాడు, సంగీతం పాఠాలు చెప్పేవాడు. పిచ్చి మాత్రం ఆకాశం మీద. టెలిస్కోపుకి కావలసిన లోహపు అద్దాలు తనే అరగదీసుకునేవాడు. ఒకసారి 16 గంటలు చెయ్యి తియ్యకుండా అరగదీస్తూ ఉంటే, చెల్లెలు కరోలిన్ పక్కన కూర్చుని నోట్లో ముద్దలు పెట్టిందట. 1781 మార్చి 13 రాత్రి ఆయనకి యురేనస్ కనబడింది. మొదట తోకచుక్క అనుకున్నాడు! మరుసటి ఏడాది రాజుగారు ఏటా 200 పౌన్ల జీతం ఇచ్చి, సంగీతం మానేసి ఆకాశమే చూసుకోమన్నారు. ఆ జీతం సంగీతంలో వచ్చేదానికన్నా తక్కువ. అందుకని టెలిస్కోపులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. పందిరి వేసే పని తప్పలేదు, గుంజలు మారాయంతే.

నేను లెక్కల గుమాస్తాగా చేరింది ఇంటి అవసరం కోసమే. మొదట్లో ఏడుపొచ్చేది. కొన్నేళ్లయ్యాక, జమా ఖర్చూ పైసా తేడా లేకుండా సరిపోయిన సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి. పచ్చి గుంజ పాతితే ఒక్కోసారి అదే చిగురిస్తుంది. ఇప్పుడు గుంజేదో తీగేదో నాకే తెలియడం లేదు, నా పోలిక ఇక్కడ చెడింది. పోనీలే. నువ్వు ఉద్యోగం వెతుక్కునే రోజున జీతంతోపాటు, సాయంత్రానికి నీలో ఎంత ఓపిక మిగులుతుందో కూడా అడిగి తెలుసుకో.

ఈలోగా బాబుని తీసుకుని బీర పాదో కాకర పాదో ఉన్నచోటికి వెళ్లు. నులితీగ ఆసరా దొరికేదాకా గాల్లో మెల్లగా తిరుగుతూ వెతుక్కుంటుంది. దొరికాక గుంజని చుట్టుకుని స్ప్రింగులా ముడుచుకుంటుంది. బాగా దగ్గరికెళ్లి చూడండి. కొంతదూరం మెలికలు ఒకవైపు తిరిగి, మధ్యలో చిన్న ముక్క తిన్నగా ఉండి, అక్కణ్ణించి ఎదురువైపు తిరుగుతాయి. గాలి వీస్తే సాగుతుంది, అంత తొందరగా తెగదు. మెలికలు ఇటెన్ని, అటెన్ని? బొమ్మ వేసి పంపు. లెక్క బాబు సరిచూడాలి.

మీ తాతయ్య