వేంపల్లె గుట్ట మీది క్యాబేజీ

చిన్నోడికీ అమ్మణ్ణికీ జేజినాయన దీవెనలు.

దసరాకు వచ్చినప్పుడు గండి నుంచి తిరిగొస్తూ గుట్ట దగ్గర ఆగి, క్యాబేజీ మాదిరి పొరలు పొరలుగా ఉన్న రాయిని చూసినాం కదా. "ఈ క్యాబేజీని ఎవరు చెక్కినారు?" అని చిన్నోడు అడిగినాడు. ఎండకు తాళలేక "దేవుడు" అని తప్పించుకున్నా. ఇప్పుడు తీరిగ్గా చెబుతా.

దాన్ని కట్టింది పాచి. మన నీళ్ళతొట్టి అంచున జారుతూ ఉంటుందే, దానికి దూరపు చుట్టం. ఆ రాతిని స్ట్రొమాటోలైట్ అంటారు. అప్పట్లో ఇక్కడ లోతు లేని సముద్రం, ఎండ అడుగుదాకా దిగేది. కంటికి కనబడనంత చిన్న జీవులు అడుగున జిగురు చాపలా పరుచుకునేవి. ఆ జిగురుకు సన్న బురద అంటుకునేది. అవి ఎండతో ఆహారం తయారుచేసుకుంటూ నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తే, కరిగి ఉన్న సున్నం విడిపడి మీద పేరుకునేది. అంతా కప్పుకుపోతే ఎండ ఎట్లా? పైకి పాకి మళ్ళీ కొత్త చాప పరిచేవి. అట్లా జేజి చేసే మడతకాజా మాదిరి పొర మీద పొర. ఆస్ట్రేలియాలో షార్క్ బే అనే చోట ఇవి ఇప్పటికీ పెరుగుతున్నాయి, ఏడాదికి అర మిల్లీమీటరు కూడా మించకుండా! అక్కడి నీళ్ళు సముద్రానికి రెండింతలు ఉప్పన. పాచిని మేసే నత్తల్లాంటివి ఆ ఉప్పుకు తట్టుకోలేవు, అందుకే బతికిపోయినాయి.

"శిలాజమైతే ఎముకేదీ?" అంది అమ్మణ్ణి. మంచి ప్రశ్న. చెదలు పోయి పుట్ట మిగిలినట్టు, ఇది ఇల్లు మాత్రమే. పైగా అప్పటికి ఎముకలున్న ప్రాణే భూమ్మీద పుట్టలేదు. ఈ రాతి పొరలకు పైన, తాడిపత్రి పేరుతో పిలిచే వేరే రాతి పొరలున్నాయి. భూమి లోపల కరిగి, వాటిలోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన రాయి వయసే 188 కోట్ల ఏళ్ళకు పైన. అడుగునున్నది అంతకన్నా పాతదే కదా!

ఈ రాళ్ళ వరుసకు శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు మన వేంపల్లెదే. చెబితే మీ క్లాసులో నమ్మరేమో. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వేదీ ఈ వరుసలోనే. కొన్నిచోట్ల ఎండిన చెరువు నేలలా పగుళ్ళు కూడా రాతిలో అచ్చుపడి ఉన్నాయి. అంటే సముద్రం అప్పుడప్పుడూ వెనక్కి పోయి, అడుగు బయటపడి, బురద ఎండేదన్నమాట.

సంక్రాంతికి వచ్చేటప్పుడు సుత్తి మాత్రం తేవద్దు. ఒక బాటిల్ నీళ్ళు చాలు. రాతి మీద పోస్తే దుమ్ము పోయి, పొరలు ఒక్కొక్కటీ తేలతాయి. చిన్నోడు లెక్కపెట్టాల, అమ్మణ్ణి బొమ్మ గీయాల.

మీ
జేజినాయన