కంపెనీ ఇస్తే బాగుండు అని మీరు రాసేవి సగం మీ పీఎఫ్‌లోనే ఉన్నాయి: అపోహలు - వాస్తవాలు

మొన్న సోమవారం మా స్టోర్స్‌లో చేసే అబ్బాయి నా టేబుల్ దగ్గరికొచ్చి "మేడం, ఈ నెలాఖరికి రిలీవ్ అవుతున్నా కదా, ఎగ్జిట్ డేట్ కొంచెం తొందరగా వెయ్యండి, పీఎఫ్ డబ్బులు తీసేసుకోవాలి" అన్నాడు. ఎగ్జిట్ డేట్ అంటే ఉద్యోగం వదిలిన తేదీ, పీఎఫ్ రికార్డులో కంపెనీ వేస్తుంది. ఆరేళ్ళ సర్వీసు. ఎందుకు తీస్తున్నావ్ అంటే "తియ్యకపోతే పోతాయంట కదా మేడం" అన్నాడు. ఈ మాట నేను వినని నెల లేదు.

హైదరాబాద్‌లో పద్నాలుగేళ్ళుగా పేరోల్, హెచ్ఆర్ పనే చేస్తున్నా. ఏ కంపెనీలో ఉన్నా ఏడాదికోసారి ఒక ఫారం పంపిస్తాం, మీకు ఏ సౌకర్యాలు కావాలో రాయండి అని. జిమ్ము, క్యాబు, ఇంటి నుంచి పని, అమ్మానాన్నలకి మెడిక్లెయిం, ఇవన్నీ రాస్తారు, కాదనను. కానీ కింది జీతాల వాళ్ళ ఫారాల్లో ఎక్కువగా కనిపించేవి వేరే. పెన్షన్ ఉంటే బాగుండు, లైఫ్ ఇన్సూరెన్స్ ఇస్తే బాగుండు, నాకేమన్నా అయితే ఇంట్లోవాళ్ళకి ఏదో ఒక ఆధారం ఉంటే బాగుండు అని. అవి చదువుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఆ మూడూ వాళ్ళకి ఇప్పటికే ఉన్నాయి, ఉన్నాయని ఎవరూ చెప్పలేదు, పైగా ఉద్యోగం మారిన ప్రతిసారీ వాళ్ళ చేత్తో వాళ్ళే తీసి పారేస్తున్నారు.

అపోహ: కంపెనీ మారితే పాత పీఎఫ్ తీసేసుకోవాలి, వదిలేస్తే వడ్డీ రాదు, డబ్బులు పోతాయి

పోవు. కొత్తగా ఏమీ జమ కాకపోయినా 58 ఏళ్ళ వరకు వడ్డీ పడుతూనే ఉంటుంది. 2024-25కి ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. ఇదే వడ్డీ ఉంటుందనుకుంటే ఇవాళ్టి 60 వేలు పాతికేళ్ళకి 4 లక్షలు దాటుతుంది. అదే అయిదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను లెక్కలోకి వస్తుంది, 50 వేలు, ఆపైన అయితే పాన్ ఉన్నా సరే మామూలుగా 10 శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేముందే పట్టుకునే పన్ను, కోసేస్తారు. కోశాక వచ్చి "మేడం తక్కువ పడ్డాయి" అంటారు, అప్పటికి నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు.

కానీ నా బాధ వడ్డీ గురించి కాదు, పాస్‌బుక్‌లో మూడో కాలమ్, అంటే పెన్షన్ వాటా గురించి. చాలామంది పాస్‌బుక్ తెచ్చి చూపిస్తారు, నా వాటా 1,800 పడింది, కంపెనీ మాత్రం 550 ఏ వేసింది, మమ్మల్ని మోసం చేస్తున్నారు అని. మోసం కాదండి. కంపెనీ కూడా 1,800 కడుతుంది, అందులో 1,250 పెన్షన్ ఫండ్‌కి పోతుంది, మిగిలిన 550 మీ పీఎఫ్‌లో పడుతుంది. బేసిక్ 15 వేల మీద లెక్క అది. ఆ 1,250 ఏ మీరు ఫారంలో రాసే "పెన్షన్ ఉంటే బాగుండు".

పదేళ్ళ సర్వీసు ఉంటే 58 నుంచి బతికున్నంత కాలం పెన్షన్ వస్తుంది. లెక్క తేలికే, పెన్షన్‌కి తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగించండి. 15 వేల మీద పదేళ్ళకి నెలకి 2,142 వస్తుంది. ఇరవై ఏళ్ళు దాటితే రెండేళ్ళు అదనంగా కలుపుతారు, అప్పుడు 4,700 పైన. ఇదేం పెద్ద డబ్బా అని మొహం పెడతారు, పెద్దది కాదు, నేనూ ఒప్పుకుంటా, కానీ అరవై దాటాక ఒకరి ముందు చెయ్యి చాచకుండా మందులకి సరిపోయే డబ్బు, మీ తర్వాత అందులో సగం మీ భార్యకి వస్తుంది.

పీఎఫ్ తీసేటప్పుడు పీఎఫ్ డబ్బుకి పెట్టే ఫారం 19తో పాటు పెన్షన్ డబ్బు తీసే 10సీ కూడా పెట్టేస్తారు చూడండి, నెట్ సెంటర్ వాళ్ళు అడక్కుండానే పెట్టేస్తారు, అక్కడ ఈ సర్వీసంతా సున్నా అయిపోతుంది. మళ్ళీ కొత్త కంపెనీలో ఒకటి నుంచి లెక్క. మూడు కంపెనీల్లో నాలుగు, మూడు, ఆరు ఏళ్ళు చేసినవాడికి పదమూడేళ్ళు ఉండాలి, రెండుసార్లు తీస్తే ఆరే మిగుల్తాయి. ఇంకో సంగతి, 2014 సెప్టెంబర్ తర్వాత కొత్తగా చేరేవాళ్ళకి బేసిక్ 15 వేలు దాటితే పెన్షన్ స్కీములో చోటే లేదు. తక్కువ జీతంతో మొదలుపెట్టి పెన్షన్‌లో ఉన్నవాళ్ళు మధ్యలో 10సీ పెట్టి అంతా తీసేసుకుని తర్వాత ఎక్కువ బేసిక్‌తో ఇంకోచోట చేరితే కొత్తవాళ్ళ కిందే లెక్క, మళ్ళీ లోపలికి రాలేరు. ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే ఈ గొడవే లేదు, సర్వీసు అతుక్కుని వస్తుంది.

ఈ తీసేసే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు, నేనూ తీశాను. నా మొదటి కంపెనీ వదిలినప్పుడు యూఏఎన్, అంటే కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు, అనేదే లేదు, అది 2014లో వచ్చింది. ట్రాన్స్‌ఫర్ కావాలంటే కాయితం ఫారం నింపి పాత కంపెనీ సంతకం కోసం తిరిగి, తర్వాత బర్కత్‌పుర పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరగాలి. అంతకంటే తీసేసుకోవడం నయం అనిపించేది. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజుకి 31 వేలు తీసి కట్టాను. ఫీజు కట్టినందుకు బాధ లేదు, పెన్షన్ సర్వీసు పోతుందని ఒక్కరూ చెప్పలేదే అన్నదే ఇప్పటికీ బాధ. ఇప్పుడు ఆధార్‌తో కలిసిన ఒకటే నంబరు, ట్రాన్స్‌ఫర్ ఫోన్‌లో అవుతుంది, పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ వెయ్యకపోతే చివరి జమ అయిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు. రోజులు మారాయి, భయం మాత్రం మారలేదు.

డబ్బు నిజంగా అవసరం అయితే? ఇంట్లో ఆపరేషన్, పిల్ల పెళ్ళి, ఇల్లు, ఇవి ఎవరికైనా వస్తాయి, తీసుకోవద్దని చెప్పడానికి నేనెవరిని. అడ్వాన్స్ పెట్టండి. అడ్వాన్స్ తీస్తే పెన్షన్ సర్వీసుకి ఏమీ కాదు. అకౌంట్ ముయ్యద్దు, అంతే.

అపోహ: మాకు లైఫ్ ఇన్సూరెన్స్ లేదు

ఉంది. ఈడీఎల్ఐ అంటారు. మీ జీతంలోంచి పైసా పోదు, కంపెనీయే అర శాతం, ఎక్కువలో ఎక్కువ నెలకి 75 రూపాయలు కడుతుంది, పేస్లిప్‌లో కనపడదు కాబట్టి ఎవరికీ తెలీదు. సర్వీసులో ఉండగా మనిషి పోతే కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది. నెల జీతానికి 35 రెట్లు, జీతం 15 వేల వరకే లెక్క, దానికి తోడు పీఎఫ్ బ్యాలెన్స్ సగటులో సగం, అది 1.75 లక్షల వరకు.

2022లో జీడిమెట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో చేసేటప్పుడు మా ఆపరేటర్ ఒకతను రోడ్డు ప్రమాదంలో పోయాడు, ముప్పై ఆరేళ్ళు. రెండు నెలల తర్వాత అతని భార్య, అతని అమ్మ కలిసి వచ్చారు, రావాల్సిన జీతం బాకీ ఏమన్నా ఉంటే ఇప్పించమని. అంతే అడిగింది ఆ అమ్మాయి. ఇన్సూరెన్స్ ఉంది, నీకూ పిల్లలిద్దరికీ పెన్షన్ ఉంది, దానికి పదేళ్ళు అక్కర్లేదు, ఒక్క నెల జమ అయి ఉన్నా చాలు అంటే నమ్మలేదు, నా మొహం చూస్తూ కూర్చుంది. బేసిక్ 13 వేలు, అంటే 4.55 లక్షలు. రెండో భాగానికి బ్యాలెన్స్ చూస్తే సగటున 40 వేలే, ముందు రెండు కంపెనీల డబ్బు తీసేసి ఉన్నాడు. దాంతో ఇంకో 20 వేలే కలిసింది. తియ్యకుండా ఉంటే ఆ బ్యాలెన్స్ 3 లక్షల దాకా ఉండేది, ఆ 20 వేల బదులు లక్షన్నర ఆ పిల్లలకి అందేది. ఆ లెక్క నేను ఆ అమ్మాయికి చెప్పలేదు.

ఎనిమిది నెలలు పట్టింది అదంతా చేతికి రావడానికి. కారణం నామినీ. పెళ్ళికి ముందు అమ్మ పేరు రాశాడు, తర్వాత మార్చలేదు. పెళ్ళికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్ళవగానే చెల్లదు, కొత్తది ఇవ్వాలి, ఇది పదిమందిలో తొమ్మిదిమందికి తెలీదు. అదృష్టం, అత్తాకోడళ్ళు ఒక మాట మీద ఉన్నారు. లేకపోతే ఏమయ్యేదో.

మిగతావి గబగబా

"ప్రభుత్వం పీఎఫ్ డబ్బులు లాగేసుకుంది" అని వాట్సాప్‌లో తిరిగింది చూశాను. 2025 అక్టోబర్‌లో పీఎఫ్ బోర్డు తీసుకున్న నిర్ణయం ఏంటంటే, ఉద్యోగం పోతే 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగతాదానికి 12 నెలలు ఆగాలి, పెన్షన్ డబ్బుకి 36 నెలలు. లాగేసుకోవడం ఎక్కడుంది ఇందులో? ఆ ఫార్వర్డ్ చూసి మా దగ్గర నలుగురు రాజీనామా చేసి తీసేసుకుందామా అని అడిగారు. దయచేసి ఫార్వర్డ్ చేసేముందు ఒక్కసారి చదవండి.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు, ఏడాదికే అందరికీ అనేది కూడా తప్పు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో ఆ ఏడాది మాట ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంతకాలానికని ఒప్పందం మీద చేరినవాళ్ళకి. పర్మనెంట్ వాళ్ళకి అయిదేళ్ళే. మనిషి పోతే మాత్రం అయిదేళ్ళు చూడరు.

జీతం 21 వేలు దాటగానే ఈఎస్ఐ, అంటే ప్రభుత్వ వైద్య బీమా, ఆగిపోదు, ఆ ఆర్నెల్లు, అంటే ఏప్రిల్-సెప్టెంబర్ లేదా అక్టోబర్-మార్చి, అయ్యేదాకా నడుస్తుంది. కంపెనీ మెడిక్లెయిం మాత్రం మామూలుగా చివరి పనిరోజుతోనే ఆగిపోతుంది, మధ్యలో నెల గ్యాప్ ఉంటే జాగ్రత్త. అమ్మానాన్నలకి కవర్ అడగడం న్యాయమైన కోరిక, అది నిజంగా చాలాచోట్ల లేదు, గట్టిగా అడగండి.

ఆ స్టోర్స్ అబ్బాయిని కూర్చోబెట్టి పాస్‌బుక్ తెరిపించాను. ఆరేళ్ళ పెన్షన్ సర్వీసు, నామినీ వాళ్ళమ్మ, పెళ్ళయి మూడేళ్ళు. అక్కడే భార్య, పాప పేర్లతో ఈ-నామినేషన్ చేయించా, ఓటీపీ రెండుసార్లు రాలేదు, మూడోసారికి అయింది. డబ్బులు తీసే సంగతి ఇంట్లో అడిగి చెప్తా మేడం అన్నాడు. ఎగ్జిట్ డేట్ వెయ్యడానికి ఇంకా టైముంది, చూస్తున్నా.